తెలుగు వంటల సైట్‌కి సెర్చ్ పెట్టాలా? పెడితే ఏది, ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: హ్యూగోతో (పేజీలన్నీ ముందే తయారుచేసి పెట్టే సాధనం) కట్టిన స్టాటిక్ సైట్, 600 దాకా తెలుగు వంటలు, మామూలు షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునేది). సెర్చ్ పెట్టాలా వద్దా? గూగుల్ బాక్స్ సరిపోతుందా, ఎలాస్టిక్‌సెర్చ్ (సొంత సర్వర్ మీద నడిచే పెద్ద సెర్చ్ ఇంజిన్) దాకా వెళ్లాలా? లూనర్ (బ్రౌజర్‌లోనే వెతికే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) పెట్టి చూస్తే ఇంగ్లీషు పదాలు దొరుకుతున్నాయి గానీ తెలుగులో కొడితే ఒక్కటీ రావట్లేదు, ఎందుకు?

ముందు సూటిగా జవాబు. పెట్టండి. 600 వంటలంటే కేటగిరీ పేజీల్లో వేలు నొప్పి పుట్టేదాకా స్క్రోల్ చేయాల్సిన సంఖ్య. కానీ ఎలాస్టిక్‌సెర్చ్ వద్దు, సర్వరే వద్దు. వంట పేరు, దాని ఇతర పేర్లు, ముఖ్యమైన పదార్థాలు, ఇంతవరకే ఉన్న ఒక చిన్న జేసన్ ఫైలు (ప్రోగ్రాములు సులువుగా చదవగల సాదా టెక్స్ట్ ఫైలు) తయారుచేసి, బ్రౌజర్‌లోనే వెతికించండి. మీ శ్రమలో ముప్పాతిక భాగం సెర్చ్ ఇంజిన్ మీద కాదు, తెలుగు పదాలను శుభ్రం చేయడం మీదా, ప్రాంతానికో పేరున్న సరుకులను కలపడం మీదా పెట్టాలి. ఆ రెండూ చేయకపోతే ఏ ఇంజిన్ తెచ్చినా ఇప్పటి ఫలితమే వస్తుంది.

పెట్టకూడని సందర్భం కూడా చెప్పేస్తాను, ఇది చదివే మిగతావాళ్ల కోసం. వంద పేజీల లోపు సైట్ అయితే అన్ని పేర్లూ అక్షరక్రమంలో ఉన్న ఒక్క పేజీ చాలు. సరిగ్గా పనిచేయని సెర్చ్ బాక్స్ అసలు లేకపోవడం కంటే హాని. "ఉలవచారు" కొడితే ఏమీ రాకపోతే, ఆ వంట ఈ సైట్‌లో లేదనుకుని వెళ్లిపోతారు. ఉందో లేదో మళ్లీ వెతకరు. "ఫలానా వంట మీ దగ్గర ఉందా" అని కామెంట్లలో అడుగుతున్నారంటే, ఆ వంట నిజానికి మీ సైట్‌లో ఉందంటే, అప్పుడు సెర్చ్ అవసరం వచ్చినట్టే.

లూనర్‌లో తెలుగు ఎందుకు రావట్లేదు? లూనర్ ప్రతి పదానికీ ముందూ వెనకా ఉన్న కామాలూ చుక్కలూ కత్తిరించడానికి ట్రిమ్మర్ అనే ఒక మెట్టు వాడుతుంది. అందులో ఉన్న రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాలను గుర్తుపట్టే నమూనా) బ్యాక్‌స్లాష్, పెద్ద డబ్ల్యూ, అంటే పదానికి చెందని అక్షరాలు. జావాస్క్రిప్ట్ దృష్టిలో పదానికి చెందిన అక్షరాలంటే ఇంగ్లీషు ఇరవై ఆరూ, అంకెలూ, అండర్‌స్కోరూ మాత్రమే. కాబట్టి "గోంగూర" మొత్తం చెత్త కింద లెక్కయి, ఖాళీ పదంగా మిగులుతుంది. మీ ఇండెక్స్‌లో (వెతకడానికి ముందే తయారుచేసి పెట్టుకున్న పదాల పట్టికలో) తెలుగు పదం ఒక్కటి కూడా లేదు, అందుకే సున్నా. లూనర్ భాషల అనుబంధంలో తెలుగు ఫైలు ఉంది, అది జోడిస్తే ఈ లోపం పోతుంది. అయినా మీకు లూనర్ అక్కర్లేదు, కింద చెప్తాను.

ఇదే గుంట ఇంకో రూపంలో కూడా ఎదురవుతుంది. సొంతంగా పదాలు విడగొట్టేవాళ్లు "యూనికోడ్ అక్షరం" అనే పీ-ఎల్ వర్గం ఒక్కటే వాడతారు. కంప్యూటర్‌కి "గోంగూర" అంటే ఆరు ముక్కలు: గ, ఓత్వం, సున్నా, గ, కొమ్ముదీర్ఘం, ర. ఇందులో గ, గ, ర మాత్రమే ఎల్ వర్గం. గుణింతపు గుర్తులూ, సున్నా, పొల్లూ అన్నీ ఎం వర్గం. ఎల్ ఒక్కటే రాస్తే పదం మూడు ముక్కలై చస్తుంది. ఎల్, ఎం రెండూ కలిపి రాయాలి, పక్కన అంకెల వర్గం కూడా. ఏ లైబ్రరీ అయినా సరే, ఎక్కించే ముందు "గోంగూర పచ్చడి" ఇచ్చి అది ఎన్ని పదాలుగా విడగొట్టిందో ప్రింట్ చేసి చూడండి. రెండు రావాలి.

మిగతా దారులు ఎందుకు కాదు?

గూగుల్ బాక్స్: తాత్కాలికంగా పర్లేదు. సైట్ పేరుతో పరిమితం చేసిన వెతుకులాటను గూగుల్‌కి పంపే చిన్న ఫారం పది నిమిషాల పని. తెలుగు స్పెల్లింగ్ తేడాలను గూగుల్ మనకంటే బాగా సర్దుకుంటుంది. కానీ అది ఇంకా చూడని కొత్త వంటలు రావు, ప్రోగ్రామబుల్ సెర్చ్ (గూగుల్ సెర్చ్ పెట్టెను మన సైట్‌లోనే పెట్టుకునే సేవ) ఉచిత రకంలో ప్రకటనలు వస్తాయి, ఆ ప్రకటనలు మీ పోటీ సైట్లవే కావచ్చు. డబ్బు కట్టి ప్రకటనలు తీసేయించుకునే సైట్ సెర్చ్ అనే సేవ ఉండేది, గూగుల్ దాన్ని 2018లో మూసేసింది. దాన్ని నమ్ముకున్నవాళ్లంతా హడావుడిగా వేరే దారి చూసుకోవాల్సి వచ్చింది.

ఫ్యూజ్ (అక్షరాలు కాస్త తేడాగా ఉన్నా పోల్చి వెతికే జావాస్క్రిప్ట్ లైబ్రరీ): అందరూ సూచించేది ఇదే, ఐదు లైన్లలో పనిచేస్తుంది కాబట్టి. రెండు చిక్కులు. ఒకటి, డిఫాల్ట్ సెట్టింగులతో అది వాక్యం మొదటి 60 అక్షరాల దగ్గరే వెతుకుతుంది (థ్రెషోల్డ్ 0.6, డిస్టెన్స్ 100, రెండిటి గుణకారం). పదార్థాల జాబితా చివర్లో ఉన్న మెంతులు దొరకవు. ఇగ్నోర్ లొకేషన్ అనే సెట్టింగు ఆన్ చేస్తే ఇది తీరుతుంది. రెండోది తీరదు: దాని "దగ్గరి పోలిక" ఒక్కో గుణింతపు గుర్తునీ ఒక్కో అక్షరంగా లెక్కపెడుతుంది. తెలుగులో ఒక గుర్తు మారితే పదమే మారిపోతుంది. "కారం" వెతికితే "కూర"లన్నీ వచ్చి కూర్చుంటాయి.

పేజ్‌ఫైండ్: మంచిది. సైట్ బిల్డ్ అయ్యాక దాని మీద నడిచి, ఇండెక్స్‌ను ముక్కలుగా కోసి పెడుతుంది, వెతికిన పదానికి కావలసిన ముక్కలే డౌన్‌లోడ్ అవుతాయి. పదివేల పేజీల సైట్‌కి కూడా డౌన్‌లోడ్ అయ్యేది మొత్తం 300 కిలోబైట్ల లోపే అని దాన్ని తయారుచేసినవాళ్ల లెక్క. మీ సైట్‌లో వంటలతో పాటు పొడుగాటి వ్యాసాలుంటే దీన్నే వాడమనేవాణ్ణి. అప్పుడు పేజీ మీద భాష తెలుగు అని లాంగ్ గుర్తు ఉందో లేదో చూసుకోండి, మెనూ, ఫుటర్ ఇండెక్స్‌లోకి రాకుండా వంట భాగానికి మాత్రమే బాడీ గుర్తు తగిలించండి. వెతికే పదాన్ని ముందుగా శుభ్రం చేయడానికి దాని సెర్చ్ బాక్స్‌లో ప్రాసెస్ టర్మ్ అనే వీలుంది.

కానీ వంటల సైట్‌లో పూర్తి పాఠాన్ని వెతకడమే పొరపాటు. ఉప్పు, నూనె, ఆవాలు, కరివేపాకు ప్రతి పేజీలోనూ ఉంటాయి. "పెసరపప్పు" అని కొట్టినవాళ్లకి పెసరట్టు, పెసర పునుగులు, కట్టె పొంగలి కావాలి గానీ, తాలింపులో చెంచాడు పెసరపప్పు వేసిన క్యాబేజీ కూర కాదు. తయారీ విధానం ఇండెక్స్‌లోకి రాకూడదు. అందుకే చిన్న జేసన్ అంటున్నాను.

ఫైలు తయారీ. ప్రతి వంట ఫ్రంట్ మ్యాటర్‌లో (ఫైలు మొదట్లో వివరాలు రాసే భాగంలో) "ఇతర పేర్లు", "ముఖ్య పదార్థాలు" అని రెండు గడులు పెట్టండి. పదార్థాలు నాలుగైదుకి మించొద్దు, ఆ వంటకి పేరు తెచ్చేవే. హ్యూగోలో జేసన్ అవుట్‌పుట్ ఫార్మాట్ ఒకటి పెట్టి, అన్ని వంటలూ ఒకే ఫైల్లోకి వచ్చేలా టెంప్లేట్ రాయండి. సైజు లెక్క: వంటకి సగటున 200 అక్షరాలనుకుంటే, తెలుగు అక్షరానికి మూడు బైట్లు, 600 వంటలకి 3,60,000 బైట్లు. జీజిప్ (పంపేముందు ఫైలును కుదించడం) అయ్యాక ఇందులో చిన్న వాటా మాత్రమే ప్రయాణిస్తుంది, మీ హోస్టింగ్‌లో జేసన్‌కి కంప్రెషన్ ఆన్‌లో ఉంటే. షేర్డ్ హోస్టింగ్‌లలో చాలాసార్లు హెచ్‌టీఎంఎల్‌కి ఉండి జేసన్‌కి ఉండదు, చూసుకోండి. ఫైలును పేజీతో పాటు లోడ్ చేయకండి, సెర్చ్ బాక్స్ మీద వేలు పెట్టినప్పుడు తెప్పించండి. ఫైలు పేరులో ఫింగర్‌ప్రింట్ (ఫైలు మారినప్పుడల్లా మారే కోడ్) పెట్టకపోతే కొత్త వంటలు పాత పాఠకులకి రోజుల తరబడి కనిపించవు.

శుభ్రం చేయడం. ఇండెక్స్‌లోని పదానికీ, వెతికేవాళ్లు కొట్టిన పదానికీ ఒకే ఫంక్షన్. రెండు వేర్వేరు ఫంక్షన్లు రాస్తే ఏదో ఒకరోజు ఒకటి మార్చి రెండోది మరిచిపోతారు. వరుస ఇది:

మొదట ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్, అంటే ఒకే అక్షరాన్ని రెండు రకాలుగా రాసి ఉంటే ఒకే రూపానికి తేవడం. ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు, కంటికి తేడా తెలియదు, కంప్యూటర్‌కి అవి వేరు పదాలు. తర్వాత కంటికి కనిపించని అక్షరాలు తీసేయండి: యూనికోడ్‌లో 200సి (నాన్‌జాయినర్, అక్షరాలు కలవకుండా ఆపేది), 200డి, వాటితో పాటు 200బి. "ఓట్స్‌తో ఉప్మా" అని ఒకరు నాన్‌జాయినర్ వేసి రాస్తారు, ఇంకొకరు వేయకుండా రాస్తారు. ఫోన్‌లో కొట్టేవాళ్లకి ఆ అక్షరం ఉందన్న సంగతే తెలియదు. వర్డ్ ఫైళ్ల నుంచి పేస్ట్ చేసిన వంటల్లో విరగని ఖాళీలు (00ఏ0) కూడా దూరి ఉంటాయి, వాటిని మామూలు ఖాళీలుగా మార్చండి. తెలుగు అంకెలుంటే మామూలు అంకెలు చేయండి. బండి ఱ ఉంటే ర చేయండి. అరసున్న తీసేయండి.

ఇక్కడిదాకా నిక్కచ్చి రూపం. దీని పక్కన వదులు రూపం ఒకటి తయారుచేయాలి: ఒత్తక్షరాలను మామూలు అక్షరాలు చేసి (ధ, థ, భ లాంటివి ద, త, బ అవుతాయి), శ, ష రెండిటినీ స చేసి, ణని న, ళని ల చేసి, హల్లుకి ముందు వచ్చే న్, మ్, ణ్ లను సున్నా చేసి, జంట హల్లుల్ని ఒకటి చేసి, దీర్ఘాలను కుదించాలి. అప్పుడు దోశ, దోస ఒకటవుతాయి, పచ్చడి "పచడి" అవుతుంది. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది, ఎవరికీ చూపించం కాబట్టి ఫర్వాలేదు. నిక్కచ్చి రూపంలో దొరికితే పైన, వదులు రూపంలో మాత్రమే దొరికితే కింద. రెండిటినీ ఒకే మార్కులతో కలిపేస్తే ఆనపకాయ (కోస్తాలో సొరకాయ), అనపకాయ (చిత్తూరు వైపు చిక్కుడు జాతి కాయ) ఒకటైపోతాయి. సొరకాయ పులుసు కావాల్సినవాళ్లకి అనపగింజల కూర మొదట వస్తుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్లు మీ సైట్‌లో తక్కువేం ఉండరు. పచ్చడిలోని చ్చకి ఒకరు ఒక సీ-హెచ్ కొడతారు, ఇంకొకరు రెండు, మరొకరు రెండు సీలూ ఒక హెచ్. అన్ని రూపాలూ జాబితా చేయాలని చూడకండి. వదులు రూపాన్ని ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి పోల్చడానికి మూడో రూపం తయారుచేయండి. రెండు వైపులా హెచ్ అన్నది పూర్తిగా తీసేయండి, వరుసగా వచ్చే ఒకే అక్షరాన్ని ఒకటి చేయండి, డబ్ల్యూని వీ చేయండి. జంట ఈని ఐగా, జంట ఓని యూగా ముందే మార్చాలి, లేకపోతే కీర కాస్తా కెర అవుతుంది. పులిహోరలో హ పోతుందే అంటారేమో, రెండు వైపులా పోతుంది, కాబట్టి కలుస్తుంది. ట, త ఒకటైపోతాయి, డ, ద కూడా. 600 వంటల్లో దీనివల్ల వచ్చే గందరగోళం నామమాత్రం.

ప్రత్యయాలు. తెలుగుకి పూర్తి స్టెమ్మర్ (పదాన్ని దాని మూలరూపం దాకా కోసే ప్రోగ్రామ్) రాయడం పెద్ద పని, మీకు అక్కర్లేదు. ఇండెక్స్ వైపు పదం మొదలు నుంచి పోల్చండి, వెతికే పదం తోక మాత్రం కత్తిరించండి. అప్పుడు "గోంగూర" అని కొడితే గోంగూరతో, గోంగూరలో అన్నీ వాటంతట అవే వస్తాయి. కత్తిరించాల్సినవి: చివరి సున్నా, -ాలు, -లు, -తో, -లో, -కి, -కు, -ని. పాయసం, పాయసాలు రెండూ "పాయస" దగ్గర కలుస్తాయి. ట్టు, ట్లు అన్న రెండు చివర్లనూ "ట" దాకా కోస్తే పెసరట్టు, పెసరట్లు, బొబ్బట్టు, బొబ్బట్లు ఒక దారికొస్తాయి. కోసిన తర్వాత కనీసం రెండు అక్షరాలు, గుణింతంతో కలిపి లెక్కేసి, మిగలాలి. లేకపోతే "పాలు" కాస్తా "పా" అయి పాతిక వంటలు తెస్తుంది.

చివరి కొమ్ము కూడా కోయాలి, ఇది చాలామంది వదిలేస్తారు. "పెరుగు" అన్న మాటతో "పెరుగన్నం" మొదలవదు, సంధిలో ఉకారం పోయింది. కొమ్ము తీసి "పెరుగ" చేస్తే రెండూ దొరుకుతాయి. అదే లెక్కన "పాలు" వెతికితే "పాల"తో మొదలయ్యే పాలతాలికలు వస్తాయి, వాటి వెనకే పాలకూర పప్పు కూడా వస్తుంది. ఈ రెండోదాన్ని ఆపడానికి తంటాలు పడకండి, మార్కుల్లో కిందికి తోసేయండి చాలు.

పచ్చళ్లు, పచ్చడి లాంటివి ఈ కోతకి లొంగవు. "పచ్చ" దాకా కోస్తే పచ్చిమిర్చి అంతా వస్తుంది. అలాంటివి పర్యాయపదాల్లో వేయండి.

ఖాళీల సంగతి ఒక్క మాట: "గోంగూరపచ్చడి" అని కలిపి కొట్టేవాళ్లుంటారు. పేరును ఖాళీలు తీసేసి ఇంకోసారి దాచండి.

పర్యాయపదాలు. మీ సైట్‌లో అన్నిటికంటే విలువైనది ఈ ఫైలే. సాదా టెక్స్ట్, లైనుకో గుంపు. వేరుశనగ, పల్లీలు, చెనక్కాయలు, బుడ్డలు. గోంగూర, పుంటికూర. బంగాళాదుంప, ఆలుగడ్డ, ఉర్లగడ్డ. ఉల్లిపాయ, ఉల్లిగడ్డ, ఎర్రగడ్డ. వెల్లుల్లి, ఎల్లిపాయ, ఎల్లిగడ్డ. బొబ్బట్లు, భక్ష్యాలు, ఓళిగలు, పోలెలు. సొరకాయ, ఆనపకాయ. కర్నూలు పాఠకురాలు "బుడ్డల పచ్చడి" అని వెతికి ఖాళీ చేతులతో పోతే, అది ఇంజిన్ తప్పు కాదు.

గుంపులు కట్టేటప్పుడు జాగ్రత్త. కందగడ్డ అంటే తెలంగాణలో చిలగడదుంప. కోస్తాలో కంద అంటే పూర్తిగా వేరే దుంప. ఈ మూడిటినీ ఒకే లైన్లో పెడితే కంద బచ్చలి కూర వెతికినవాళ్లకి చిలగడదుంప వంటలన్నీ ముందుకొస్తాయి. కందగడ్డ, చిలగడదుంప ఒక లైను, కంద విడిగా ఇంకో లైను. కందగడ్డ అన్నవాళ్లకి రెండూ చూపించండి, కంద అన్నవాళ్లకి కంద మాత్రమే. అలాగే పప్పుచారునీ సాంబారునీ ఒకటి చేయకండి, కామెంట్లలో యుద్ధం మొదలవుతుంది.

ఇతర పేర్లను వంట పేజీ మీద కూడా కనిపించేలా రాయండి. గూగుల్ నుంచి వచ్చేవాళ్లకీ ఉపయోగమే.

మార్కులు. పేరు మొత్తం ఆ పదంతోనే మొదలైతే 100, పేరులో మధ్య పదం దానితో మొదలైతే 60, ఇతర పేర్లలో 50, పర్యాయపదం ద్వారా పేరులో దొరికితే 40, పదార్థంలో 20. వదులు రూపమైతే అందులో సగం. రెండు పదాలు కొడితే రెండూ ఉండాలి. ఒక్కటీ రాకపోతే అప్పుడు ఏదో ఒకటి ఉన్నవి చూపించండి, "రెండూ కలిసినవి లేవు, ఇవి చూడండి" అని పైన రాసి. ఈ అంకెలు పవిత్రమైనవేం కావు, వరుస ముఖ్యం.

సెర్చ్ పెట్టె విషయంలో తగిలే దెబ్బలు. కీ నొక్కినప్పుడు పనిచేసే ఈవెంట్ల మీద ఆధారపడకండి. ఆండ్రాయిడ్ కీబోర్డులు చాలాసార్లు ఏ కీ నొక్కినా 229 అనే ఒకటే కోడ్ ఇస్తాయి, ఇంగ్లీషులో కొట్టి తెలుగుగా మార్చే కీబోర్డులు పదం పూర్తయ్యాకే అక్షరాలు మారుస్తాయి. ఇన్‌పుట్ ఈవెంట్ వాడి, 200 మిల్లీసెకన్లు ఆగి వెతికించండి. కనీసం మూడు అక్షరాలుండాలన్న షరతు పెట్టొద్దు, "టీ" కంప్యూటర్ లెక్కలో రెండే. ఐఫోన్‌లో పెట్టె అక్షరాల సైజు 16 పిక్సెళ్ల కంటే తక్కువైతే నొక్కగానే పేజీ జూమ్ అవుతుంది. పక్కన "వెతుకు" అన్న మాట కనబడేలా పెట్టండి, భూతద్దం బొమ్మ ఒక్కటే చాలదు.

దొరికిన పదానికి రంగు వేసేటప్పుడు మొత్తం పదానికే వేయండి. "పాల" వెతికితే "పాలు"లో ల దగ్గర రంగు ఆపారనుకోండి, కొమ్ము విడిపోయి కొన్ని బ్రౌజర్లలో చుక్కల వలయం మీద వేలాడుతూ కనిపిస్తుంది.

ఫారం గెట్ పద్ధతిలో ఉండి, వెతికిన పదం చిరునామాలో క్యూ అన్న ఒక్క ఇంగ్లీషు అక్షరం పేరుతో రావాలి. అప్పుడు ఫలితాల లింకు వాట్సాప్‌లో పంపుకోవచ్చు, గూగుల్ అనలిటిక్స్ 4 కూడా వెతికిన పదాలను దానంతట అది నమోదు చేస్తుంది. సున్నా ఫలితాలు వచ్చినప్పుడు మాత్రం వేరే ఈవెంట్ మీరే పంపాలి. నెలకోసారి ఆ సున్నాల జాబితా తెరవండి. అందులో సగం పర్యాయపదాల ఫైల్లోకి వెళ్తాయి, మిగతా సగం మీరు రాయాల్సిన వంటలు.

ఫలితాల పేజీకి నోఇండెక్స్ (గూగుల్‌లో చేర్చొద్దని చెప్పే గుర్తు) పెట్టండి. స్పామ్ వాళ్లు సెర్చ్ చిరునామాలో తమ ప్రకటన వాక్యం ఇరికించి, దానికి బయటినుంచి లింకులిచ్చి, మీ సైట్ పేరుతో గూగుల్‌లోకి ఎక్కించే పని చేస్తారు. రోబోట్స్ ఫైల్లో (సెర్చ్ ఇంజిన్లు ఏ పేజీలు తెరవకూడదో చెప్పే ఫైలు) అడ్డుకుంటే చాలదా అని అడుగుతారు. అక్కడ అడ్డుకుంటే గూగుల్ ఆ పేజీని తెరవదు, తెరవకపోతే నోఇండెక్స్ చూడదు. కాబట్టి రెండూ కలిపి పెట్టొద్దు.

సర్వర్ వైపు ఎప్పుడు వెళ్లాలంటే, వంటలు పదివేలు దాటినప్పుడో, పాఠకులు తమ వంటలు ఎక్కించడం మొదలుపెట్టి గంటగంటకీ ఇండెక్స్ మారాల్సి వచ్చినప్పుడో. అప్పుడు కూడా ముందు మెయిలీసెర్చ్, టైప్‌సెన్స్ లాంటి తేలికైన సెర్చ్ సర్వర్లు చూడండి. ఎలాస్టిక్‌సెర్చ్ జావా మీద నడుస్తుంది, దానికిచ్చే మెమరీ మీ ఇప్పటి హోస్టింగ్‌లో ఉండదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడితే తెలుగుకి దానితోపాటు వచ్చే నిఘంటువు లేదు, సింపుల్ అనే కాన్ఫిగరేషన్‌తో పెట్టి, పైన చెప్పిన శుభ్రాన్నంతా మీరే చేసి ఇవ్వాలి. అంటే ఇప్పుడు రాసిన ఫంక్షన్, పర్యాయపదాల ఫైలు అప్పుడూ అలాగే పనికొస్తాయి. వాటిని సెర్చ్ పేజీ కోడ్‌లో కలిపేయకుండా విడి ఫైళ్లుగా ఉంచుకోండి, పక్కన ఒక ముప్పై వెతుకులాటలు, వాటికి మొదట రావాల్సిన వంట పేరు రాసిపెట్టుకోండి. రూల్ ఏది మార్చినా ఆ ముప్పైని మళ్లీ నడపండి.